విదేశీ భార్యకో భర్తకో ఎక్స్-2 వీసా పొడిగింపు: బెంగళూరులో మొదటి కాగితం నుంచి చివరి మెయిల్ దాకా

ఎక్స్-2 వీసా పొడిగింపులో ఫారం నింపడం గంట పని. ఆ గంటకు ముందు నెల రోజుల పని ఉంటుంది, అసలు కథంతా అక్కడే. దరఖాస్తు వెనక్కి వస్తే చట్టంలో ఏదో మెలిక ఉందనుకుంటారు చాలామంది. తీరా చూస్తే ఒక కాగితంలో ఇంటిపేరు ముందుంటుంది, ఇంకోదాంట్లో వెనక ఉంటుంది. అద్దె ఒప్పందం ముగిసి మూడు వారాలై ఉంటుంది. కరెంటు బిల్లు ఎప్పుడో ఫ్లాటు అమ్మేసి వెళ్లిపోయిన పాత ఓనరు పేరు మీద వస్తూ ఉంటుంది. పేరు, చిరునామా, తేదీ ఈ మూడూ అన్ని కాగితాల్లో ఒక్క మాట మీద ఉంటే మిగతాది పెద్దగా ఇబ్బంది పెట్టదు. అందుకే ఈ మార్గదర్శిలో సగానికి పైగా పోర్టల్ (విదేశీయుల నమోదు కార్యాలయమైన ఎఫ్‌ఆర్‌ఆర్‌వో వారి వెబ్‌సైటు, ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌వో) తెరవకముందు చేయాల్సిన పని గురించే ఉంటుంది.

ఇది భారత పౌరుణ్ణో పౌరురాలినో పెళ్లాడి బెంగళూరులో కాపురం ఉంటున్న విదేశీయుల కోసం. కాగితాల కోసం తిరిగేది సాధారణంగా భారతీయ భాగస్వామే కాబట్టి 'మీరు' అన్నచోటల్లా వాళ్లనే అనుకోండి. చెన్నైలో ఉన్నవాళ్లకూ పోర్టల్ ఇదే. ఆఫీసు మాత్రం నుంగంబాక్కంలో, హాడోస్ రోడ్డు మీది శాస్త్రి భవన్‌లో ఉంటుంది.

మీది ఈ కేసేనా?

వీసా స్టిక్కరు మీద రకం చూడండి. ఎక్స్-1 అంటే భారత సంతతివాళ్లకు ఇచ్చే ఎంట్రీ వీసా. ఎక్స్-2 అంటే భార్య లేదా భర్త, పిల్లలు అనే బంధం మీద ఇచ్చేది. భార్యాభర్తలిద్దరూ విదేశీయులే అయి, ఒకరు ఇక్కడ ఎంప్లాయ్‌మెంట్ వీసా మీద పనిచేస్తుంటే రెండోవారి వీసా ఆ ఉద్యోగ వీసా వెనకే నడుస్తుంది. వాళ్లు ముందు ఉద్యోగ వీసా సంగతి చూసుకోవాలి.

న్యూజెర్సీలోనో డాలస్‌లోనో పుట్టి పెరిగిన తెలుగమ్మాయిని పెళ్లి చేసుకుని మారతహళ్ళిలో కాపురం పెట్టినవాళ్లు తరచూ ఒక సంగతి మరిచిపోతారు. ఆమె తల్లిదండ్రులో, తాత ముత్తాతలో భారత పౌరులై ఉంటే ఆమెకు సొంత హక్కు మీదే ఓసీఐ కార్డు (వీసా పొడిగింపుల బెడద లేకుండా ఇక్కడ ఉండనిచ్చేది) వస్తుంది, పెళ్లితో సంబంధం లేదు. అలాంటివాళ్లు ఏటా ఎక్స్-2 పొడిగించుకుంటూ కూర్చోవడం అనవసరం. ఆ శక్తి ఓసీఐ దరఖాస్తు మీద పెట్టండి. ఒక ముఖ్యమైన మినహాయింపు: తల్లిదండ్రులు, తాతలు, ముత్తాతల్లో ఎవరైనా పాకిస్తాన్ లేదా బంగ్లాదేశ్ పౌరులై ఉంటే ఓసీఐ రాదు.

పాకిస్తాన్ పౌరులకు లాంగ్ టర్మ్ వీసా అని వేరే పద్ధతి ఉంది. ఇక్కడ చెప్పినవి వాళ్లకు వర్తించవు. ఈ-టూరిస్టు వీసా మీద వచ్చి 'ఇక్కడికొచ్చాక పొడిగించుకుందాం' అనుకునేవాళ్లకు ఒకే మాట: ఆ వీసాను పొడిగించరని దాని నిబంధనల్లోనే రాసి ఉంటుంది. పెళ్లి అప్పటికే అయి ఉంటే వాళ్ల దేశంలోని భారత దౌత్య కార్యాలయంలో ఎక్స్-2 వేయించుకునే రావడం మేలు.

తేదీలు: ఒక తెల్లకాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి

వీసా గడువు. ఎఫ్‌ఆర్‌ఆర్‌వో ఇచ్చే రిజిస్ట్రేషన్ కాగితం (అందరూ ఆర్‌సీ అనేది) గడువు. పాస్‌పోర్టు గడువు. అద్దె ఒప్పందం గడువు. ఈ నాలుగూ పక్కపక్కన రాసుకుంటే ఏది ముందు కదలాలో తెలుస్తుంది.

పాస్‌పోర్టే మొదలు. పాస్‌పోర్టు ఎప్పటిదాకా చెల్లుతుందో అంతకు మించి వీసా పొడిగింపు రాదు. ఇంకా ఎనిమిది నెలలే ఉన్న పాస్‌పోర్టుతో రెండేళ్లు అడిగితే వచ్చేది ఎనిమిది నెలలు, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. కాబట్టి పాస్‌పోర్టు గడువు దగ్గర్లో ఉంటే ముందు వాళ్ల దేశపు కాన్సులేటులో కొత్తది తీసుకోండి. ఆ తర్వాత ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌వోలో పాస్‌పోర్టు వివరాల మార్పు చేయించండి, వీసా పొడిగింపు ఆ తర్వాతే. పాత పాస్‌పోర్టు పారేయకండి, వీసా స్టిక్కరు అందులోనే ఉంటుంది.

రెండోది స్టిక్కరు మీది చిన్న అక్షరాలు. 180 రోజులు దాటిన కాలానికి ఇచ్చిన వీసా అయితే దేశంలో దిగిన 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. కొన్ని ఎంట్రీ వీసాల మీద 'ప్రతి రాకలో 180 రోజులు మించి ఉండరాదు' అనో, మించి ఉండేట్టయితే నమోదు తప్పనిసరి అనో రాసి ఉంటుంది. 'ఐదేళ్ల వీసా కదా' అని ధీమాగా కూర్చుని ఆ వాక్యం చదవనివాళ్లకు పొడిగింపు సమయంలో పాత ఆలస్యం బయటపడుతుంది, జరిమానా పడుతుంది. 12 ఏళ్లలోపు పిల్లలకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పెద్దవాళ్లకు ఒకసారి చేయించుకుంటే అదే వీసా చెల్లుబాటులో ఉన్నంతకాలం బయటికి వెళ్లి వచ్చినప్పుడల్లా మళ్లీ చేయించుకోనక్కర్లేదు.

మా లెక్క ఇది. వీసా గడువుకు 90 రోజుల ముందు కాగితాలు వెతకడం మొదలుపెట్టండి. 60 రోజుల ముందు అన్నీ స్కాన్ అయి ఉండాలి. 45 రోజుల ముందు దరఖాస్తు పోర్టల్లో పడాలి. పోలీసు విచారణ, మధ్యలో ఒక ప్రశ్న, దానికి జవాబు, ఒక పండగ సెలవు, వీటన్నిటికీ ఆ 45 రోజుల్లో చోటు ఉంటుంది. దరఖాస్తు నడుస్తుండగా విదేశీ ప్రయాణం పెట్టుకోకండి. సంక్రాంతికి ఊరు వెళ్లినా ఫర్వాలేదు, సింగపూర్ మాత్రం వద్దు.

పేరు

తెలుగువాళ్ల పేర్లతో వచ్చే చిక్కు అర్థం కావాలంటే ఒక ఉదాహరణ చాలు. భర్త పాస్‌పోర్టులో ఇంటిపేరు గడిలో 'కొండపల్లి', ఇచ్చిన పేరు గడిలో 'వెంకట సాయి కిరణ్'. ఆధార్‌లో 'కొండపల్లి వి సాయికిరణ్'. పెళ్లి సర్టిఫికెట్‌లో 'కె.వి. సాయి కిరణ్'. అద్దె ఒప్పందంలో 'సాయి కిరణ్ కె'. మన కళ్లకు అందరూ ఒక్కరే. తెరమీద కాగితాలు చూసే అధికారికి నలుగురు. దానికి తోడు భార్య పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు, పెళ్లి సర్టిఫికెట్‌లో భర్త ఇంటిపేరు.

దీనికి మందు మూడు మెట్లు. మొదటిది, సులభంగా మారేవి మార్చేయండి. అద్దె ఒప్పందం ఎలాగూ కొత్తగా రాయిస్తారు కాబట్టి అందులో ఇద్దరి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే, స్పెల్లింగుతో సహా పెట్టించండి. ఆధార్ కూడా మార్చుకోవచ్చు. రెండోది, పెళ్లి సర్టిఫికెట్ లాంటి కదలని కాగితంలో తేడా ఉంటే ఒక అఫిడవిట్: 'ఫలానా, ఫలానా, ఫలానా అన్న పేర్లన్నీ ఒక్క వ్యక్తివే' అని స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయించాలి. ఏ కాగితంలో ఏ పేరు ఉందో, ఆ కాగితం నంబరుతో సహా అఫిడవిట్‌లో రాయాలి. నంబర్లు లేకుండా 'నేను ఒక్కడినే' అని రాసుకొచ్చిన అఫిడవిట్ నోటరీ ఫీజుకు తప్ప దేనికీ పనికిరాదు. మూడోది, పోర్టల్లో టైపు చేసేటప్పుడు మీకు తోచినట్టు కాకుండా పాస్‌పోర్టు చెప్పినట్టు రాయండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అక్కడా ఖాళీయే. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే: గడి ఖాళీగా ఉంటే ఏదో వెలితిగా తోచి భర్త ఇంటిపేరు తెచ్చి పెట్టేస్తారు.

తేదీలోనూ ఒక ఉచ్చు ఉంది. అమెరికాలో జరిగిన పెళ్లి సర్టిఫికెట్ మీద 04/07/2023 అని ఉంటే అది ఏప్రిల్ 7. మన ఫారంలో రోజు ముందు, నెల తర్వాత. అలాగే దించేస్తే జులై 4 అవుతుంది, సర్టిఫికెట్‌కూ ఫారంకూ పొత్తు కుదరదు. ఉత్తరాల్లో నెలను అంకెలో కాక అక్షరాల్లో రాయండి, గొడవ ఉండదు.

పెళ్లి సర్టిఫికెట్

తిరుమల కొండ మీద పెళ్లయింది, వెయ్యిమంది చూశారు, ఆల్బం ఉంది, దేవస్థానం రసీదు ఉంది. వీసాకు ఇవేవీ చాలవు. రిజిస్ట్రార్ ఇచ్చిన సర్టిఫికెట్ కావాలి. హిందూ వివాహ చట్టం కింద నమోదు కావాలంటే ఇద్దరూ హిందువులై ఉండాలి. భాగస్వామి వేరే మతం అయితే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టమే దారి. ఆ చట్టం కింద ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో 30 రోజులుగా ఉంటూ ఉండాలి, నోటీసు ఇచ్చాక 30 రోజులు ఆగాలి, సంతకాలకు ముగ్గురు సాక్షులు కావాలి. ఇప్పటికే గుడిలో జరిగిన పెళ్లిని కూడా అదే చట్టంలోని 15వ సెక్షన్ కింద నమోదు చేయించుకోవచ్చు. అప్పుడూ 30 రోజుల గడువు తప్పదు. వీసా గడువుకు నెల ముందు ఈ సంగతి తెలిసినవాళ్లు ఏమీ చేయలేరు. అందుకే పెళ్లయిన వెంటనే ఈ పని ముగించండి. దీనివల్ల ఇంకో పెద్ద లాభం ఉంది, చివర్లో చెబుతాం.

విదేశంలో పెళ్లి జరిగి ఉంటే ఆ దేశపు సర్టిఫికెట్ మీద అపోస్టీల్ ముద్ర (కాగితం అసలైనదేనని ఆ దేశపు అధికారులు వేసేది) ఉండాలి. అపోస్టీల్ ఒప్పందంలో లేని దేశమైతే అక్కడి భారత దౌత్య కార్యాలయం ధ్రువీకరణ కావాలి. సర్టిఫికెట్ థాయ్‌లోనో రష్యన్‌లోనో ఉంటే ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. అపోస్టీల్ ఆ దేశంలోనే దొరుకుతుంది, బెంగళూరులో ఎవరూ వేయలేరు. అత్తగారింటివాళ్లతో కొరియర్ చేయించుకోవడానికి నెల పట్టొచ్చు.

ఇల్లు

ఎక్కువ దరఖాస్తులు ఆగేది ఇంటి కాగితం దగ్గరే. కాబట్టి ఇక్కడ కొంచెం నెమ్మదిగా వెళ్దాం.

బెంగళూరులో అద్దె ఒప్పందాలు 11 నెలలకే రాస్తారు. ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది కాబట్టి ఓనర్లు ఆ గీత దాటరు. వీసాకు 11 నెలల ఒప్పందం పనికొస్తుంది, కానీ దరఖాస్తు వేసే రోజున అది బతికి ఉండాలి, నోటరీ అయి ఉండాలి. రెండు నెలల్లో ముగిసిపోయేది పెట్టేకంటే ఓనరుతో మాట్లాడి ముందే కొత్తది రాయించుకోవడం మంచిది. రిజిస్టర్ చేసిన లీజు దొరికితే మరీ మంచిది.

ఒప్పందంలో మీ ఒక్కరి పేరే ఉంటుంది, మామూలుగా. విదేశీ భాగస్వామి అక్కడ ఉంటున్నట్టు ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. ఇద్దర్నీ అద్దెదారులుగా రాయించండి. ఓనరు ఒప్పుకోకపోతే 'అద్దెదారుతో పాటు ఆయన భార్య, ఫలానా దేశ పౌరురాలు, పాస్‌పోర్టు నంబరు ఫలానా, ఈ ఇంట్లో నివసిస్తారు' అని ఒక షరతు చేర్పించండి. ఈ-స్టాంపు మీద మొదటి పక్షం, రెండో పక్షం పేర్లు కూడా లోపలి పేజీల్లో ఉన్నట్టే ఉన్నాయా చూసుకోండి. స్టాంపు కొనేటప్పుడు కౌంటర్లో చెప్పిన పేరు ఒకటి, టైపిస్టు కొట్టిన పేరు ఇంకొకటి కావడం ఇక్కడ మామూలే.

తర్వాత కరెంటు బిల్లు. ఇటీవలి బెస్కాం బిల్లు పెట్టండి. అందులో పేరు ఓనరుది, ఒప్పందంలో ఓనరు పేరు కూడా అదే అయితే సమస్య లేదు. పేరు బిల్డరుదో పాత యజమానిదో అయితే మధ్యలో లంకె కావాలి: ఇప్పటి ఓనరు పేరున్న ఆస్తి పన్ను రసీదు, లేదా ఈ-ఖాతా (ఆస్తి ఎవరి పేరు మీద ఉందో చూపే నగరపాలక రికార్డు) నకలు. పెద్ద అపార్టుమెంట్లలో కొన్నిచోట్ల కరెంటు ప్రీపెయిడ్ మీటరు మీద నడుస్తుంది, విడి బెస్కాం బిల్లే ఉండదు. అప్పుడు అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద ఫ్లాటు నంబరు, ఓనరు పేరు, ఉంటున్నవాళ్ల పేర్లతో ఒక ఉత్తరం, దాంతోపాటు మీ పేరు మీద వచ్చే బ్రాడ్‌బ్యాండ్ లేదా గ్యాస్ బిల్లు పెట్టండి.

సొంత ఫ్లాటు నాన్నగారి పేరు మీద ఉందా? రిజిస్టర్డ్ సేల్ డీడ్ మొదటి పేజీలు, పన్ను రసీదు, ఆయన ఆధార్ నకలు, 'మా అబ్బాయి, కోడలు ఈ ఇంట్లో అద్దె లేకుండా ఉంటున్నారు, నాకు అభ్యంతరం లేదు' అని ఆయన సంతకంతో ఉత్తరం. నాన్నగారు గుంటూరులో ఉంటే సంతకం కోసం మనిషిని పంపాలి కాబట్టి ఇది కూడా 90 రోజుల జాబితాలో చేర్చండి.

చిరునామా రాసే తీరు కూడా ఒకేలా ఉండాలి. 'నెం. 14, 2వ మెయిన్, 5వ క్రాస్' అని ఒకచోట, '5వ క్రాస్, 2వ మెయిన్, #14, ఫలానా బేకరీ ఎదురుగా' అని ఇంకోచోట రాస్తే పోలీసు స్టేషన్ పరిధి మారిపోయే ప్రమాదం ఉంది. బెంగళూరులో ఒకే లేఅవుట్‌లో రోడ్డుకు అటూ ఇటూ వేరు వేరు స్టేషన్లు ఉంటాయి. మీ ఇల్లు ఏ స్టేషన్ కిందికి వస్తుందో ఒకసారి వెళ్లి కనుక్కుని రండి, పోర్టల్లో అదే ఎంచుకోండి.

ఇక అందరూ ఫారం సి అనేది. విదేశీయులు బస చేసిన చోటి యజమాని 24 గంటల్లో ఆన్‌లైన్‌లో సమాచారం ఇవ్వాలి. ఇది హోటళ్లకే అనుకుంటారు, ఇళ్లకూ వర్తిస్తుంది. ఓనరు పేరు మీద ఒక ఖాతా తెరిచి పాస్‌పోర్టు, వీసా, రాక తేదీ నింపితే పది నిమిషాల్లో అయిపోతుంది. అద్దె లెక్క ప్రభుత్వానికి తెలిసిపోతుందేమోనని కొందరు ఓనర్లు జంకుతారు. అందులో అద్దె ఎంతో అడగరని ముందే చెప్పండి, పక్కన కూర్చుని మీరే నింపించండి. సొంత ఇల్లయితే ఆ పని మీదే.

రెండు ఉత్తరాలు

ఒకటి విదేశీ భాగస్వామి రాసే అభ్యర్థన. రెండోది మీరు రాసే హామీపత్రం. రెండూ ఇంగ్లీషులో ఉండాలి, ఒక్కోటి ఒక్క పేజీ దాటకూడదు. అభ్యర్థన సారాంశం ఇలా ఉంటే చాలు:

'నేను ఫలానా దేశ పౌరురాలిని. పాస్‌పోర్టు నంబరు ఇది, ఫలానా తేదీ దాకా చెల్లుతుంది. ఎక్స్-2 వీసా నంబరు ఇది, గడువు ఫలానా తేదీ. భారత పౌరుడైన ఫలానా వారిని ఫలానా తేదీన పెళ్లాడాను, రిజిస్ట్రేషన్ నంబరు ఇది. ఇద్దరం ఈ కింది చిరునామాలో కలిసి ఉంటున్నాం. నా వీసాను ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా, మల్టిపుల్ ఎంట్రీతో పొడిగించవలసిందిగా కోరుతున్నాను.'

కింద సంతకం, ఫోను, ఈమెయిల్. ప్రేమకథ అక్కర్లేదు. కానీ చివరి వాక్యంలోని రెండు తేదీలూ, మల్టిపుల్ ఎంట్రీ (ఎన్నిసార్లయినా బయటికి వెళ్లి రావచ్చని) అన్న మాటా తప్పకుండా ఉండాలి. ఎంతకాలం ఇవ్వాలన్నది ఎఫ్‌ఆర్‌ఆర్‌వో నిర్ణయమే, అయినా అడగనిది తనంతట తాను రాదు. అడిగే గడువు పాస్‌పోర్టు గడువు లోపల ఉండేలా చూసుకోండి.

హామీపత్రంలో భాగస్వామి ఇక్కడ ఉన్నంతకాలం పోషణ, ప్రవర్తన, అవసరమైతే తిరుగు ప్రయాణం ఖర్చు మీ బాధ్యతేనని రాసి సంతకం పెట్టాలి. మీ భారత పాస్‌పోర్టు, అది లేకపోతే ఓటరు కార్డు నకలు జతచేయాలి. సంతకం పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. బ్యాంకు చెక్కు మీది పొడి సంతకం వద్దు.

పోర్టల్లో

ఈ-ఎఫ్‌ఆర్‌ఆర్‌వో 2018 నుంచి నడుస్తోంది. అప్పటిదాకా శాంతినగర్‌లో టోకెన్ తీసుకుని పొద్దంతా కూర్చునే పని ఇప్పుడు ఇంటి నుంచే అవుతుంది, పిలిస్తే తప్ప వెళ్లనక్కర్లేదు.

ఖాతా విదేశీ భాగస్వామి పేరు మీద, వాళ్ల సొంత ఈమెయిల్‌తో, రోజూ చేతిలో ఉండే ఇండియన్ మొబైల్ నంబరుతో తెరవండి. ఏజెంటుకు అప్పగిస్తే చాలాసార్లు ఆయన తన ఈమెయిలే పెట్టేస్తాడు. ప్రశ్న వచ్చినా, అనుమతి వచ్చినా ఆయన పెట్టెలోకే వెళ్తుంది. వచ్చే ఏడాది ఆయన ఫోను ఎత్తకపోతే పాత దరఖాస్తు కూడా మీకు కనిపించదు. గతంలో వేసిన ఖాతా ఉంటే కొత్తది తెరవకండి, అందులోంచే వెళ్లండి.

స్కాన్లు ముందే ఒక ఫోల్డరులో సిద్ధం చేసుకోండి. పాస్‌పోర్టు ఫొటో పేజీ, వీసా పేజీ, చివరిసారి దేశంలో దిగినప్పటి ఇమిగ్రేషన్ ముద్ర ఉన్న పేజీ. ఈ మూడూ రంగుల్లో, పేజీ నాలుగు మూలలూ కనిపించేలా ఉండాలి. ముద్ర అలికిపోయి ఉంటే వెలుతురు మార్చి ఇంకోసారి తీయండి, తేదీ చదవగలగాలి. పాత ఆర్‌సీ. పెళ్లి సర్టిఫికెట్ అన్ని పేజీలూ, అపోస్టీల్ వెనకవైపు ఉంటే అదీ. ఇంటి కాగితాలన్నీ ఒకే పీడీఎఫ్‌గా, ఈ వరుసలో: ఒప్పందం, కరెంటు బిల్లు, లంకె కాగితం, ఓనరు ఐడీ. ఉత్తరాలు రెండు. తెల్ల వెనకతలంతో చతురస్రపు ఫొటో. ఫోనుతో తీసిన వంకర ఫొటోలు పెట్టకండి. వీధి చివర జిరాక్స్ షాపులో స్కాన్ చేయించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోండి. ప్రతి గడి పక్కనా ఫైలు సైజు పరిమితి రాసి ఉంటుంది. దాన్ని దాటితే అప్‌లోడ్ అయినట్టే కనిపించి ఖాళీగా మిగలొచ్చు, కాబట్టి ఎక్కించిన ప్రతి ఫైలునూ మళ్లీ తెరిచి చూడండి.

సేవల జాబితాలో వీసా పొడిగింపు ఎంచుకోండి. ఇల్లు మారి ఉంటే చిరునామా మార్పు, కొత్త పాస్‌పోర్టు వచ్చి ఉంటే వివరాల మార్పు కూడా చూసుకోండి. వీసా నంబరు గడిలో పాస్‌పోర్టు నంబరు కొట్టేయడం, మొదటిసారి వచ్చిన తేదీని చివరి రాక తేదీగా రాయడం అందరూ చేసే రెండు పొరపాట్లు. చివరి రాక అంటే మొన్న దీపావళికి బయటికి వెళ్లి వచ్చిన తేదీ, పెళ్లయి కాపురానికి వచ్చిన తేదీ కాదు.

దాఖలు చేశాక వచ్చే అప్లికేషన్ నంబరు, రసీదు దాచుకోండి. రోజు విడిచి రోజు ఖాతా తెరిచి చూడండి. మెయిల్ స్పామ్‌లో పడి పది రోజులు పోయాక చూసుకున్నవాళ్లు ఎందరో.

ఇంటికి పోలీసు వస్తే

కలిసి ఉంటున్నారా లేదా అన్నది స్థానిక స్టేషన్ ద్వారా విచారించే అవకాశం ఉంటుంది. కానిస్టేబులో, ఏఎస్ఐయో ఫోను చేసి వస్తారు, లేదా స్టేషన్‌కు రమ్మంటారు. ఇద్దరూ ఉండాల్సిందే. ఎప్పుడు పెళ్లయింది, ఎన్నాళ్లుగా ఈ ఇంట్లో, ఇద్దరూ ఏం చేస్తారు, ఇలాంటివి అడుగుతారు. పక్కింటివాళ్లను కూడా అడగొచ్చు కాబట్టి వాళ్లకు ఒక మాట చెప్పి ఉంచండి. ఒరిజినల్స్, ఒక సెట్ జిరాక్స్, రెండేసి ఫొటోలు, పెళ్లి ఫొటో ఒకటి బల్ల మీద సిద్ధంగా ఉంచండి. భాగస్వామికి కన్నడ రాకపోయినా ఫర్వాలేదు, కానీ అడిగిన ప్రతిదానికీ మీరే జవాబు చెప్పేయకండి, వాళ్లనూ రెండు మాటలు మాట్లాడనివ్వండి. కాఫీ ఇవ్వండి, డబ్బు వద్దు. పొడిగింపు ఫీజు ఏదైనా పోర్టల్లోనే కడతారు, ఇంటి గుమ్మంలో కట్టేది ఏదీ లేదు.

ప్రశ్న వస్తే, ఫీజు అడిగితే, చివరికి పీడీఎఫ్

అదనపు కాగితం అడిగితే అడిగినదే ఇవ్వండి. ఇంటి రుజువు అడిగారని పెళ్లి ఆల్బం మొత్తం పంపితే పని పెరుగుతుంది తప్ప తరగదు. జవాబులో ఒక వాక్యం రాయండి: 'మీరడిగిన ఫలానా కాగితం జతచేశాను, గతంలో పెట్టినదానికి బదులుగా దీన్ని చూడగలరు.' స్వయంగా రమ్మంటే కేహెచ్ రోడ్డు, శాంతినగర్ బీఎంటీసీ బస్టాండ్ భవనం, 'ఎ' బ్లాక్, ఐదో అంతస్తు. ఇద్దరూ వెళ్లండి, ఒరిజినల్స్ అన్నీ తీసుకెళ్లండి.

ఫీజు జాతీయతను బట్టి, కోరిన కాలాన్ని బట్టి మారుతుంది. పక్కింటి జర్మన్ ఎంత కట్టాడన్నది మీకు లెక్క కాదు. పోర్టల్ చూపించిన మొత్తమే కట్టి రసీదు తీసుకోండి. కార్డు లావాదేవీ మధ్యలో ఆగితే వెంటనే రెండోసారి కట్టకుండా బ్యాంకు ఖాతాలో డబ్బు తెగిందో లేదో చూసుకోండి.

అనుమతి పీడీఎఫ్‌గా మెయిల్‌కు వస్తుంది, పాస్‌పోర్టులో కొత్త స్టిక్కరు పడదు. రాగానే పేరు, పాస్‌పోర్టు నంబరు, కొత్త గడువు, ఎంట్రీల సంఖ్య అక్షరం అక్షరం సరిచూడండి. తప్పుంటే ఆ రోజే రాయండి. మూడు రంగుల ప్రింట్లు తీసి ఒకటి పాస్‌పోర్టులో పెట్టండి. తిరుగు ప్రయాణంలో ఫ్రాంక్‌ఫర్ట్ కౌంటర్లో ఉన్న మనిషి పాస్‌పోర్టు తిప్పి స్టిక్కరు గడువు దాటిందని ఆపేస్తాడు. అప్పుడు ఫోనులో ఛార్జింగు కోసం వెతుక్కునే కంటే కాగితం చూపించడం నయం.

గడువు దాటిపోతే

2025 సెప్టెంబర్ 1 నుంచి పాత విదేశీయుల చట్టాల స్థానంలో ఇమిగ్రేషన్ అండ్ ఫారినర్స్ చట్టం, 2025 అమలులో ఉంది. దాని ప్రకారం వీసా గడువు మించి ఉండడం నేరం. మూడేళ్ల దాకా జైలు, మూడు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. నాలుగు రోజులు ఆలస్యమైన సంసారిని జైల్లో పెట్టరు గానీ, జరిమానా, వివరణ, ఆ తర్వాత ప్రతి దరఖాస్తులోనూ ఆ మచ్చ తప్పవు. దాటిందని తెలిసిన రోజే పోర్టల్లో దరఖాస్తు వేసి, ఆలస్యానికి కారణం ఆధారంతో రాయండి. ఆసుపత్రిలో ఉంటే డిశ్చార్జి కాగితం, పాస్‌పోర్టు కాన్సులేటులో ఉండిపోతే వాళ్ల రసీదు. చడీచప్పుడు లేకుండా విమానాశ్రయానికి వెళ్లిపోతే అక్కడే ఆపుతారు.

పొడిగింపు వచ్చాక

ఇల్లు మారితే చిరునామా మార్పు వెంటనే పోర్టల్లో నమోదు చేయండి. వైట్‌ఫీల్డ్ నుంచి బెళ్ళందూరుకు మారినా సరే. ఎక్స్-2 వీసా దానంతటది ఉద్యోగం చేసే హక్కు ఇవ్వదు. భాగస్వామికి ఇక్కడి కంపెనీ నుంచి ఆఫర్ వస్తే చేరేముందే ఎఫ్‌ఆర్‌ఆర్‌వో అనుమతి అడగాలి. గత 12 నెలల్లో 182 రోజులు ఇక్కడ ఉన్నవాళ్లు ఆధార్ తీసుకోవచ్చు. అది వీసా గడువుతోనే ముగుస్తుంది కాబట్టి పొడిగింపు రాగానే ఆధార్ కూడా పొడిగించుకోవాలి.

ఇక పెళ్లిని వెంటనే నమోదు చేయించమన్న మాట. పౌరసత్వ చట్టం 7ఎ సెక్షన్ ప్రకారం భారత పౌరుల విదేశీ భాగస్వామికి ఓసీఐ కార్డు ఇవ్వొచ్చు. అందుకు పెళ్లి నమోదై ఉండాలి, దరఖాస్తుకు ముందు కనీసం రెండేళ్లు తెంపు లేకుండా కొనసాగి ఉండాలి. ముందస్తు భద్రతా తనిఖీ ఉంటుంది. ఫీజు భారత్‌లో వేస్తే 15,000 రూపాయలు. 2022లో గుడిలో పెళ్లి చేసుకుని 2025లో రిజిస్టర్ చేయించినవాళ్లు నమోదు తేదీ దగ్గరే ఇరుక్కుపోయి మూడేళ్ల కాపురాన్ని రుజువు చేయలేక తంటాలు పడతారు. సర్టిఫికెట్ మీది తేదీకి రెండేళ్లు కలిపి ఫ్రిజ్ మీది కాగితంలో ఐదో తేదీగా రాసుకోండి. ఈసారి పొడిగింపు కనీసం ఆ తేదీకి ఆరు నెలల తర్వాతి దాకా వచ్చేలా అడగండి, ఓసీఐ తనిఖీ నడుస్తుండగా వీసా మళ్లీ ముగిసిపోకుండా ఉంటుంది.